పరుగులో గుండెను చూడటం: పుట్టుకతో కరోనరీ లోపం ఉన్న పిల్లల తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

డాక్టరు గదిలో ఉన్నంతసేపు అన్నీ అర్థమైనట్టే ఉంటాయి. బస్సెక్కాక సందేహాలు మొదలవుతాయి. గుండెను శ్రమలో పెట్టి పరీక్షించే స్ట్రెస్ ల్యాబ్‌లో పనిచేసే మాకు ఆ సందేహాలే ఫోన్లో, రిసెప్షన్ దగ్గర, పిల్లల్ని పరీక్షకు సిద్ధం చేస్తుండగా మళ్ళీ మళ్ళీ ఎదురవుతుంటాయి. అందుకే తల్లిదండ్రులు అడిగిన మాటల్లోనే ప్రశ్నలు పెట్టి, జవాబులు రాశాను. మొదటి నుంచి చివరి దాకా చదవాల్సిన పనిలేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళండి. మీ పిల్లల విషయంలో ఏం చేయాలన్నది మాత్రం వాళ్ళ స్కాన్లు చూసిన పిల్లల గుండె డాక్టరే చెప్పాలి.

## ఈ మాట మొదటిసారి విన్నప్పుడు

మా అబ్బాయికి 14 ఏళ్ళు. ఈ వయసులో గుండె రక్తనాళాల జబ్బేమిటండీ? బ్లాకులా?

బ్లాకులు కావు. కొవ్వుతో, తిండితో దీనికి సంబంధం లేదు, మీ పెంపకంలో లోపం అసలే కాదు. గుండె కండరానికి రక్తం ఇచ్చే కరోనరీ ధమనులు రెండు: ఎడమది, కుడిది. అయోర్టా అనే పెద్ద రక్తనాళం మొదట్లో సైనస్‌లు అనే భాగాలుంటాయి. ఎడమ ధమని ఎడమ సైనస్ నుంచి, కుడి ధమని కుడి సైనస్ నుంచి బయలుదేరాలి. కొందరిలో కడుపులో ఉన్నప్పుడే ఇది తారుమారై, ఒక ధమని అవతలి సైనస్ నుంచి మొదలవుతుంది. రిపోర్టుల్లో దీన్నే ఏఏఓసీఏ అని రాస్తారు. అమెరికాలోని హ్యూస్టన్‌లో 5,169 మంది బడి పిల్లలకు ఎమ్మారై తీసి చూస్తే, ఈ రకం లోపం 0.44 శాతం మందిలో కనిపించింది. అంటే వెయ్యి మందిలో నలుగురైదుగురు. వాళ్ళలో చాలామందికి ఆ సంగతే తెలియదు.

ఎడమదైతే ప్రమాదం, కుడిదైతే ఫరవాలేదు అంటున్నారు. నిజమేనా?

చాలావరకు నిజం, పూర్తిగా కాదు. కుడి ధమని దారి తప్పడమే ఎక్కువ మందిలో కనిపిస్తుంది. కానీ ఈ లోపంతో ఆటస్థలంలో ప్రాణాలు పోయిన 27 మంది యువ క్రీడాకారుల వివరాలను ఇటలీ, అమెరికా డాక్టర్లు 2000లో ప్రచురించినప్పుడు, అందులో 23 మందిది ఎడమ ధమని లోపం, నలుగురిది కుడి. ఆ నలుగురి వల్లే కుడిదని తెలిసినా మేం పరీక్ష మానం. ఎడమా కుడా అన్నదానితో పాటు ధమని ఏ దారిన పోతోందన్నది కూడా ముఖ్యం. అయోర్టా వెనక నుంచి చుట్టి వెళ్ళే ధమని సాధారణంగా ఇబ్బంది పెట్టదు. అయోర్టాకూ ఊపిరితిత్తుల ధమనికీ మధ్యలోంచి వెళ్తే, మొదలయ్యే చోట రంధ్రం గుండ్రంగా లేకుండా సన్నటి చీలికలా ఉంటే, కొంత దూరం అయోర్టా గోడ లోపలే నడిస్తే, అప్పుడు జాగ్రత్త పడాలి.

ఇన్నేళ్ళూ ఏమీ కాకుండా ఆడాడు కదా, ఇప్పుడు కొత్తగా ఏమవుతుంది?

ఊరికే కూర్చున్నప్పుడు ఆ ధమనిలో రక్తం సరిపడానే పారుతుంది. గట్టిగా పరిగెత్తినప్పుడు గుండెకు అదనంగా రక్తం కావాలి. సరిగ్గా అదే సమయంలో, ఒత్తిడికి అయోర్టా ఉబ్బుతుంది. లంగా బొందు నడుం పట్టీలో దూరి ఉన్నట్టు ఈ ధమని అయోర్టా గోడలో దూరి ఉంటుంది కాబట్టి, గోడ సాగినప్పుడు అది నొక్కుకుపోతుంది. ఇలా ప్రతి పరుగులోనూ జరగదు. వంద మ్యాచులు బాగా ఆడి, ఆ తర్వాతి దాంట్లో ఇబ్బంది రావచ్చు. అమెరికా బాస్కెట్‌బాల్ ఆటగాడు పీట్ మారవిచ్ పదేళ్ళు ఎన్‌బీఏలో ఆడాడు. 1988లో, 40 ఏళ్ళ వయసులో, సరదాగా ఆడుతున్న ఆటలో కుప్పకూలాడు. ఎడమ కరోనరీ ధమని పుట్టుకతోనే లేదని పోస్టుమార్టంలో తేలింది. ఆయనది వేరే రకం లోపం, కానీ అంతకాలం ఎవరికీ అనుమానమే రాలేదన్నది గమనించాలి.

పరిగెత్తుతుంటే పాప కళ్ళు తిరిగి పడిపోయింది. ఎండ వల్లేమో, పొద్దున ఏమీ తినలేదేమో?

ఈ ఒక్క జవాబైనా దయచేసి శ్రద్ధగా చదవండి. ప్రార్థనలో ఎక్కువసేపు నిలబడి పడిపోవడం వేరు, పరుగు మధ్యలో పడిపోవడం వేరు. మొదటిది ఎక్కువగా మామూలు సొమ్మసిల్లడమే: ముందు కళ్ళు మసకబారతాయి, చెమట పడుతుంది, పడుకోబెడితే తేరుకుంటారు. పరిగెత్తుతూనో, ఆట గట్టిగా సాగుతున్నప్పుడో, ఆపిన మరుక్షణమో ఉన్నట్టుండి పడిపోతే అది గుండె వల్లేనేమోనని అనుమానించి తీరాలి. ఆడుతున్నప్పుడు ఛాతీలో బరువు, నొప్పి, గుండె దడ వచ్చినా అంతే. గ్లూకోజు నీళ్ళు ఇచ్చి మర్నాడు మళ్ళీ గ్రౌండుకు పంపకండి. ఇందాక చెప్పిన 27 మందిలోనూ కొందరికి ముందే ఇలాంటి సూచనలు వచ్చాయి. పిల్లల గుండె డాక్టరు చూసేదాకా ఆటలు ఆపండి. పడిపోయినప్పుడు ఎవరు పక్కనుంటే వాళ్ళని అడిగి ఏం చేస్తుండగా పడింది, ఎంతసేపటికి లేచింది, రంగు మారిందా అన్నవి రాసుకుని తీసుకెళ్ళండి. ఏ యంత్రం చెప్పలేని సమాచారం అది.

ఆల్‌కాపా, బ్రిడ్జింగ్ అని కూడా విన్నాం. అవీ ఇవే జబ్బా?

వేరు. ఆల్‌కాపాలో ఎడమ ధమని అయోర్టా నుంచి కాకుండా ఊపిరితిత్తుల ధమని నుంచి మొదలవుతుంది. ఎక్కువగా పసితనంలోనే పాలు తాగుతూ ఆయాసపడటంతో బయటపడుతుంది, ఆపరేషన్ అవసరం. బ్రిడ్జింగ్ అంటే ధమని గుండె పైన కాకుండా కొంత దూరం కండరంలో దూరి వెళ్ళడం, ఇది చాలామందిలో హాని లేకుండా ఉంటుంది. రెండింట్లోనూ స్ట్రెస్ పరీక్షలు అవసరం పడుతుంటాయి.

## పరీక్ష రాసిచ్చాక

ఈసీజీ, ఎకో నార్మలే అన్నారు. ఇంకా ఎందుకు?

ఆ రెండూ పడుకోబెట్టి తీసినవి. ఈ లోపం ఉన్నవాళ్ళలో గుండె పడుకున్నప్పుడు బాగానే పనిచేస్తుంది కాబట్టి అవి నార్మల్‌గా రావడంలో వింత లేదు. ఎకో తీసేవారు ప్రత్యేకంగా రెండు ధమనులూ మొదలయ్యే చోటు వెతికి చూపిస్తే తప్ప, లోపం ఉన్నా కంటపడకపోవచ్చు. మీ ఎకో రిపోర్టులో ఆ రెండు మొదళ్ళ గురించి ఒక వాక్యం ఉందేమో చూడండి. లేకపోతే డాక్టరును అడగండి.

టీఎంటీ చేయించాం, నార్మల్ అని రాశారు. అది చాలదా?

ఒంటరిగా చాలదు. పొరపాటు ఎక్కువగా ఇక్కడే జరుగుతోంది కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. టీఎంటీ అంటే ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తిస్తూ చేసే పరీక్ష. అందులో మనం చూసేది ఈసీజీ గీతలు, బీపీ, ఎంతసేపు పరిగెత్తాడన్నది. రక్తం అందక గుండెలో ఒక చిన్న భాగం ఇబ్బంది పడినా గీతల్లో అది తెలియకపోవచ్చు. 2000 నాటి ఆ 27 మందిలో ఆరుగురికి చనిపోకముందే పూర్తి స్థాయి స్ట్రెస్ ఈసీజీ చేసి ఉన్నారు. ఆరూ నార్మలే.

అలాగని టీఎంటీ వృథా కాదు. పరుగులో బీపీ పడిపోయినా, లయ తప్పినా, నొప్పి వచ్చినా అది పెద్ద సంగతే. కానీ నార్మల్ వచ్చినప్పుడు, పరుగు తీవ్రంగా ఉన్న సమయంలో గుండె గోడలు ఎలా కదిలాయి, రక్తం అన్ని వైపులా అందిందా అన్నది బొమ్మలో కూడా చూడాలి. స్ట్రెస్ ఇమేజింగ్ అనేది అందుకే. కుటుంబాలు ‘టీఎంటీ నెగిటివ్’ కాగితాన్ని పీఈటీ సారుకు చూపించి ఆటలు మొదలుపెట్టిస్తున్నాయి. ఆ ఒక్క కాగితం మీద ఆధారపడవద్దని గట్టిగా చెప్తున్నాను.

సీటీ యాంజియోలో ధమని మొత్తం కనిపించింది కదా? మళ్ళీ స్ట్రెస్ ఎందుకు?

సీటీ చెప్పేది ధమని ఎక్కడ పుట్టింది, ఏ దారిన వెళ్ళింది, గోడలో ఎంత పొడవున నడిచింది, రంధ్రం ఎలా ఉందన్నది. ఆ విషయంలో దానికి సాటి లేదు. కానీ సీటీ తీసేటప్పుడు బొమ్మ చెదరకుండా ఉండాలని గుండె వేగాన్ని చాలాసార్లు మందుతో తగ్గిస్తారు. అంటే ఇబ్బంది వచ్చే పరిస్థితికి సరిగ్గా వ్యతిరేకమైన స్థితిలో తీసిన బొమ్మ అది. ఆపరేషన్ మాట ఎత్తడానికి ముందు డాక్టర్లకు రెండూ పక్కపక్కన కావాలి.

స్ట్రెస్ ఎకో, స్ట్రెస్ ఎమ్మారై, న్యూక్లియర్ స్కాన్... మూడింట్లో ఏది మంచిది?

మీ ఊరికి దగ్గర్లో ఏది బాగా చేస్తారన్నది కూడా ఈ జవాబులో భాగమే.

స్ట్రెస్ ఎకోలో పిల్లలు నిజంగానే పరిగెత్తుతారు లేదా సైకిల్ తొక్కుతారు. రేడియేషన్ లేదు, సూది కూడా అక్కర్లేదు. చిక్కు ఏమిటంటే, పరుగు ఆపిన నిమిషం, నిమిషంన్నరలోపే బొమ్మలు పట్టుకోవాలి. పిల్లల గుండె చాలా త్వరగా మామూలు వేగానికి వచ్చేస్తుంది, అప్పుడు తీసినా లాభం లేదు. రొప్పుతున్న ఛాతీ మీద ప్రోబ్ పెట్టి స్పష్టమైన బొమ్మ తీయడానికి అలవాటైన చెయ్యి కావాలి. పడుకుని తొక్కే సైకిల్ ఉంటే తొక్కుతుండగానే తీయొచ్చు.

స్ట్రెస్ ఎమ్మారైలో గోడల కదలికా కనిపిస్తుంది, గాడోలినియం అనే మందు ఎక్కించాక రక్తం కండరంలోకి ఎలా పాకుతోందో కూడా కనిపిస్తుంది. అందని చోటు నల్లగా ఉండిపోతుంది. రేడియేషన్ లేదు. యంత్రంలో పరిగెత్తలేరు కాబట్టి మందుతో గుండె వేగం పెంచుతారు. ఖర్చు ఎక్కువ, పెద్ద నగరాల్లో, అదీ కొన్ని చోట్లే దొరుకుతుంది. హ్యూస్టన్‌లోని టెక్సాస్ చిల్డ్రన్స్ హాస్పిటల్ లాంటి, ఈ జబ్బు మీదే పనిచేసే కేంద్రాల్లో డోబుటమిన్‌తో చేసే ఎమ్మారైకి పెద్దపీట వేస్తున్నారు. అందుబాటులో ఉంటే నా ఓటు కూడా దానికే.

న్యూక్లియర్ స్కాన్‌లో పరుగు తీవ్రంగా ఉన్నప్పుడే కొద్దిగా రేడియేషన్ ఉన్న మందు ఎక్కిస్తారు, బొమ్మ తర్వాత తీరిగ్గా తీసినా ఆ క్షణం నాటి రక్తప్రసారమే కనిపిస్తుంది. ఇది దాని బలం. రేడియేషన్ ఉండటం, లేని లోపం ఉన్నట్టు కనిపించే అవకాశం దాని బలహీనతలు.

పిల్లకు రేడియేషన్ అంటే భయంగా ఉంది.

భయం సహజమే, ఆ సంగతి ముందే డాక్టరుతో అనండి. ఎకో, ఎమ్మారై రెండింట్లోనూ రేడియేషన్ లేదు. న్యూక్లియర్ స్కాన్‌లో పద్ధతిని బట్టి దాదాపు 10 మిల్లీసీవర్ట్‌ల దాకా ఉండొచ్చు. మట్టి, గాలి, ఆకాశం నుంచి మనందరికీ ఏడాదికి సగటున 2.4 వస్తూనే ఉంటుంది. ఒక్కసారి అవసరమై తీస్తే కంగారు పడక్కర్లేదు. ఏడాదికోసారి తీయాలంటే మాత్రం రేడియేషన్ లేని దారి ఉందా అని అడగడం మీ హక్కు.

పరిగెత్తించకుండా మందు ఎక్కించి చేస్తామంటున్నారు. ఏ మందు?

రెండు రకాలు. డోబుటమిన్ గుండెను వేగంగా, బలంగా కొట్టుకునేలా చేస్తుంది, అంటే పరుగు పని అది చేస్తుంది. అడినోసిన్ రక్తనాళాలను వెడల్పు చేస్తుంది, గుండె బలంగా కొట్టుకోవడం మాత్రం దానివల్ల అంతగా పెరగదు. పెద్దవాళ్ళ బ్లాకులు కనిపెట్టడానికి అడినోసిన్ చక్కగా పనికొస్తుంది. మన పిల్లల్లో ధమని నొక్కుకుపోయేది గుండె ఉధృతంగా కొట్టుకున్నప్పుడు కాబట్టి ఎక్కువమంది నిపుణులు డోబుటమిన్ వైపే మొగ్గుతారు. ఆస్తమా ఉంటే తప్పకుండా చెప్పండి, అడినోసిన్ వాళ్ళకు పడదు.

ఎన్నేళ్ళు వస్తే ఈ పరీక్ష చేయొచ్చు?

వయసు కన్నా ఎత్తు, మాట వినడం ముఖ్యం. ట్రెడ్‌మిల్ మీద కడ్డీ అందుకుని నడవగలిగితే ఆరేడేళ్ళ పిల్లలకూ చేస్తాం. ఎమ్మారైకి చెప్పినప్పుడు ఊపిరి బిగబట్టాలి, కదలకుండా పడుకోవాలి. మరీ చిన్నవాళ్ళకు మత్తు అవసరం కావచ్చు.

మాది పల్లెటూరు. జిల్లాలో ఎక్కడికి వెళ్ళాలి?

ఎకో, టీఎంటీ ఇప్పుడు చాలా పట్టణాల్లో ఉన్నాయి. కానీ పిల్లల ధమనులు చూడటం అలవాటున్న డాక్టరు ఉన్నచోటే స్ట్రెస్ ఇమేజింగ్ చేయించడం మంచిది, దానికి పెద్ద నగరానికి రావాల్సిందే. 18 ఏళ్ళ లోపు పిల్లలైతే బడికీ అంగన్‌వాడీకీ వచ్చే ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) బృందానికి చెప్పండి. 2013లో మొదలైన ఈ జాతీయ కార్యక్రమంలో పుట్టుకతో వచ్చే గుండె జబ్బులు కూడా ఉన్నాయి, పెద్దాసుపత్రికి పంపే ఏర్పాటు వాళ్ళు చేస్తారు.

## పరీక్షకు ముందు రోజు

పరగడుపున రావాలా?

ట్రెడ్‌మిల్ అయితే రెండు మూడు గంటల ముందు రెండు ఇడ్లీల్లాంటివి తిని రావడం మేలు. ఖాళీ కడుపుతో వచ్చిన పిల్లలు గుండె అలసే లోపే నీరసపడి ఆపేస్తారు. మందు ఎక్కించే పరీక్షకు ఎన్ని గంటలు తినకూడదో ల్యాబ్ వాళ్ళు చెప్తారు, అదే పాటించండి. అడినోసిన్ పరీక్ష అయితే 24 గంటల ముందు నుంచి కాఫీ, టీ, కోలా, చాక్లెట్ వద్దు.

రోజూ వేసే గుండె మాత్ర ఆపాలా?

మీ అంతట మీరు ఆపకండి, ఫోన్ చేసి అడగండి. బీటా బ్లాకర్ మాత్రలు గుండె వేగాన్ని పెరగనివ్వవు కాబట్టి కొన్నిసార్లు ముందే ఆపమంటారు, కొన్నిసార్లు కొనసాగించమంటారు.

ఏం వేసుకుని రావాలి?

జారిపోకుండా పాదానికి సరిపోయే బూట్లు, పరిగెత్తడానికి వీలైన ప్యాంటు, ముందు బొత్తాలున్న వదులు చొక్కా. చెప్పులతో వస్తే వెనక్కి పంపాల్సి వస్తోంది. ఎమ్మారై అయితే వెండి మొలతాడు, తాయెత్తు, పట్టీలు, ముక్కుపుడక, జడపిన్నులు ఇంటి దగ్గరే తీసేయండి. ముక్కుపుడక రాకపోతే కంసాలి దగ్గరికి ముందు రోజే వెళ్ళండి. పళ్ళకు క్లిప్పులుంటే ముందుగా చెప్పండి. ఆడపిల్లలకు ఈసీజీ స్టిక్కర్లు అంటించడానికి ఆడ టెక్నీషియన్ కావాలని అడగడంలో మొహమాటం వద్దు. నెలసరి వచ్చిందని పరీక్ష వాయిదా వేయక్కర్లేదు. జ్వరం, దగ్గు ఉంటే మాత్రం వాయిదా వేయండి.

## పరీక్ష గదిలో

పరిగెత్తితే ప్రమాదం అన్నారు, మళ్ళీ మీరే పరిగెత్తిస్తారా? ఏమన్నా అయితే?

ఈ ప్రశ్న అడగని తల్లి లేదు. గ్రౌండులో జరిగేదానికీ ఇక్కడ జరిగేదానికీ తేడా ఇది: ఇక్కడ ప్రతి గుండె కొట్టుడూ తెర మీద కనిపిస్తుంటుంది, బీపీ కొద్ది నిమిషాలకోసారి చూస్తాం, డాక్టరు పక్కనే ఉంటారు, షాక్ ఇచ్చే యంత్రం చేతికందే దూరంలో ఉంటుంది. ఛాతీ నొప్పి వచ్చినా, బీపీ పడినా, లయ మారినా అక్కడికక్కడే ఆపేస్తాం. పెద్ద ఇబ్బందులు చాలా అరుదు. ఇబ్బంది దాగి ఉంటే, ఎవరూ లేని మైదానంలో కన్నా ఇక్కడ బయటపడటం నయం.

అసలు లోపల ఏం జరుగుతుంది?

ట్రెడ్‌మిల్ మీద చేసే స్ట్రెస్ ఎకో గురించి చెప్తాను. ముందు మంచం మీద ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి విశ్రాంతి బొమ్మలు తీస్తాం. తర్వాత ఛాతీకి స్టిక్కర్లు, చేతికి బీపీ పట్టీ. ఎక్కువచోట్ల బ్రూస్ పద్ధతి వాడతారు: గంటకు 2.7 కిలోమీటర్ల నడకతో, 10 శాతం ఎత్తుతో మొదలై, ప్రతి 3 నిమిషాలకూ వేగం, ఎత్తు పెరుగుతాయి. మొదటి ఆరు నిమిషాలు పిల్లలు కబుర్లు చెప్తూనే ఉంటారు. తొమ్మిదో నిమిషం దాటాక మాట ఆగిపోతుంది, బూట్ల చప్పుడొక్కటే వినిపిస్తుంది. ‘ఇక నా వల్ల కాదు’ అనగానే బెల్టు ఆపి, ఇద్దరం చెరో వైపు పట్టుకుని రెండడుగుల్లో మంచం మీదికి చేరుస్తాం. జెల్ ముందే రాసి ఉంచిన ప్రోబ్ ఛాతీ మీద పడుతుంది. ‘ఊపిరి వదులు నాన్నా, ఆపు, ఇంక పీల్చు’ అంటూ నాలుగైదు కోణాల్లో బొమ్మలు పడతాం. ఆ నిమిషం కోసమే మిగతాదంతా. సిద్ధం చేయడం, తేరుకోవడం కలిపి గంట పడుతుంది.

85 శాతం టార్గెట్ వచ్చిందట, అయినా ఆపలేదు. పిల్లాడిని ఎందుకంత అలసగొట్టడం?

220లో నుంచి వయసు తీసేస్తే వచ్చేది గరిష్ఠ వేగం అంచనా. 15 ఏళ్ళ అబ్బాయికి 205, అందులో 85 శాతం 174. ఇది పెద్దవాళ్ళ కోసం పెట్టుకున్న లెక్క. కబడ్డీ కూతలో, చివరి ల్యాప్‌లో మీవాడి గుండె 190 దాటుతుంది. 174 దగ్గర ఆపేసి బొమ్మలు తీస్తే, ఆటలో జరిగేది మనం చూడనట్టే. అందుకే నొప్పీ, వేరే ఇబ్బందీ లేనంతవరకు పిల్లాడు నిజంగా ఇక చాలనేదాకా పరిగెత్తిస్తాం. మొహమాటానికో భయానికో మధ్యలో ఆపిన పరీక్ష నార్మల్ అని వస్తే, అది లేనిపోని ధైర్యం ఇస్తుంది. ముందు రోజే బిడ్డతో ‘నొప్పి వస్తే వెంటనే చెప్పు, ఉత్త అలుపైతే ఇంకొంచెం పరిగెత్తు’ అని చెప్పి తీసుకురండి.

డోబుటమిన్ ఎక్కిస్తే పాపకు ఎలా ఉంటుంది?

చేతికి క్యాన్యులా పెట్టి బరువును బట్టి కొద్దిగా మొదలుపెట్టి, సాధారణంగా 3 నిమిషాలకోసారి మోతాదు పెంచుతారు. పడుకునే ఉన్నా గుండె దడదడలాడుతుంది, మాడు జివ్వుమంటుంది, కొందరికి వికారం. వేగం చాలకపోతే అట్రోపిన్ కూడా ఇస్తారు, దాంతో కాసేపు నోరు ఎండుతుంది. మందు ఆపిన కొద్ది నిమిషాల్లో దడ తగ్గిపోతుంది. ‘నువ్వు పరిగెత్తకుండానే గుండె పరిగెత్తుతుంది’ అని ముందే చెప్పి ఉంచితే పిల్లలు బెదిరిపోరు. చెప్పకుండా తెస్తే దడ మొదలవగానే ఏడుపందుకుంటారు, బొమ్మలు చెడిపోతాయి.

మేం లోపల ఉండొచ్చా?

ట్రెడ్‌మిల్ గదిలో ఒకరు ఉండొచ్చు. మీ మొహంలో టెన్షన్ చూస్తే పిల్లలు త్వరగా ఆపేస్తారు, కాబట్టి ఇద్దరిలో ధైర్యం ఉన్నవాళ్ళు రండి.

## రిపోర్టు చేతికొచ్చాక

‘నెగిటివ్’ అని రాశారు. అంటే చెడ్డదా?

కాదు. రక్తం అందకపోవడం కనిపించలేదని అర్థం. ‘పాజిటివ్’ అంటే కనిపించిందని. ఈ లోపంలో ఇబ్బంది అప్పుడప్పుడు మాత్రమే వస్తుంది కాబట్టి నెగిటివ్ అన్నది ఆ రోజు, అంత శ్రమలో ఏమీ కనిపించలేదన్న మాట మాత్రమే. లోపం మాయమైందని కాదు.

రిపోర్టులో మేం ఏం చూసుకోవాలి?

ఎంతసేపు పరిగెత్తాడు, గుండె వేగం ఎంతకు చేరింది, ఎందుకు ఆపారు, శ్రమలో బీపీ పెరిగిందా, బొమ్మల నాణ్యత ఎలా ఉంది. ఈ ఐదూ లేకుండా ‘నార్మల్ స్టడీ’ అని ఒక్క ముక్క రాసి ఉంటే వివరంగా రాయమని అడగండి. వేరే ఊళ్ళో రెండో అభిప్రాయానికి వెళ్ళినప్పుడు కాగితం కన్నా సీడీ ఎక్కువ పనికొస్తుంది, తప్పకుండా తీసుకోండి.

‘వాల్ మోషన్ అబ్నార్మాలిటీ’, ‘పర్ఫ్యూజన్ డిఫెక్ట్’ అంటే?

మొదటిది: శ్రమలో గుండె గోడలో ఒక భాగం మిగతావాటిలా గట్టిగా ముడుచుకోలేదని. రెండోది: ఒక భాగానికి రక్తం తక్కువగా చేరిందని. ఆ భాగం లోపమున్న ధమని రక్తం ఇచ్చే చోటే అయితే విషయం గట్టిది. ధమని ఒకటి, మచ్చ ఇంకోచోట అయితే యంత్రం పొరబాటు కావచ్చని డాక్టర్లు మళ్ళీ చూస్తారు.

ఒక పరీక్ష బాగుందంటే, ఇంకోటి బాగాలేదంటోంది. ఎవరిని నమ్మాలి?

ఇది తరచూ జరిగేదే, ఎవరూ మోసం చేయట్లేదు. ఒక్కో పరీక్ష ఒక్కో సంగతి చూస్తుంది. పిల్లల గుండె డాక్టరు, సర్జను, స్కాన్ చదివే డాక్టరు ముగ్గురూ కలిసి కూర్చుని చూడటం దీనికి సరైన మార్గం. అప్పటికీ తేలకపోతే డోబుటమిన్ ఇస్తూ సన్నని తీగతో ధమని లోపలి ఒత్తిడిని కొలిచే యాంజియో చేస్తారు. అందరికీ అవసరం పడదు.

## ఆపరేషన్, ఆటలు, ఇల్లు

ఆపరేషన్ తప్పదా?

అందరికీ కాదు. అమెరికా గుండె వైద్య సంఘాలు 2018లో పెద్దవాళ్ళ కోసం ఇచ్చిన మార్గదర్శకాల సారం ఇది, యువత విషయంలోనూ డాక్టర్లు దాదాపు ఇలాగే ఆలోచిస్తారు. ఎడమ ధమని కుడి సైనస్ నుంచి వస్తూ లక్షణాలో, రక్తం అందని ఆధారమో ఉంటే ఆపరేషన్ చేయాలి. అవేవీ లేకపోయినా చేయడం సబబే. కుడి ధమని అయితే లక్షణాలు, ఆధారం ఉంటే చేయాలి. లేకపోతే చేయొచ్చు, కనిపెట్టుకుని ఉండొచ్చు. ఈ చివరి గుంపులో స్ట్రెస్ బొమ్మల మాటకు విలువ ఎక్కువ, నిర్ణయం చాలావరకు వాటి మీదే నిలుస్తుంది.

స్టెంట్ వేస్తే పోదా? కోత ఎందుకు?

స్టెంట్ బ్లాకును తెరిచి ఉంచడానికి. ఇక్కడ ధమని అయోర్టా గోడలో ఇరుక్కుంది, పైగా పిల్లలు ఇంకా ఎదగాలి, స్టెంట్ వాళ్ళతో పాటు ఎదగదు. సర్జన్లు ఎక్కువగా గోడలో ఉన్న భాగాన్ని లోపలి నుంచి తెరిచి, కొత్త వెడల్పు ద్వారం చేస్తారు. దీన్ని అన్‌రూఫింగ్ అంటారు.

ఆపరేషన్ అయింది కదా, మళ్ళీ స్ట్రెస్ టెస్టు దేనికి?

ధమనికి కొత్త ద్వారం పెట్టాం. గట్టి శ్రమలో అది పనిచేస్తోందా అన్నది శ్రమలోనే తెలుస్తుంది. 2015 నాటి అమెరికా సూచనల ప్రకారం ఆపరేషన్ అయ్యి కనీసం 3 నెలలు గడిచి, లక్షణాలు లేకుండా, పూర్తి శ్రమతో చేసిన పరీక్షలో ఏమీ కనిపించకపోతేనే పోటీలకు తిరిగి వెళ్ళే ఆలోచన చేయాలి. ఆ తర్వాత కూడా డాక్టరు చెప్పిన వ్యవధిలో మళ్ళీ చూపించుకుంటూ ఉండాలి.

కబడ్డీ టీములో ఉన్నాడు. ఇంకొకడు కానిస్టేబుల్ పరుగుకు సిద్ధమవుతున్నాడు. ఆపేయాలా?

పరీక్షలన్నీ అయ్యేదాకా ఇద్దరినీ ఆపండి. ఆ తర్వాత సంగతి ధమనిని బట్టి. అదే 2015 సూచనల్లో, ఎడమ ధమని లోపం ఉంటే లక్షణాలు లేకపోయినా ఆపరేషన్‌కు ముందు పోటీ ఆటలు వద్దన్నారు. కుడిదైతే, లక్షణాలు లేక స్ట్రెస్ పరీక్ష బాగుంటే, ప్రమాదం గురించి కుటుంబంతో అన్నీ మాట్లాడాక అనుమతించవచ్చన్నారు. పోలీసు ఎంపికలో 1600 మీటర్ల పరుగు మామూలు పరుగు కాదు, ఉద్యోగం కోసం ఒంటి మీద స్పృహ లేకుండా పరిగెత్తుతారు. మాట దాచి పరిగెత్తనివ్వకండి.

అలాగని పిల్లాడిని మంచానికి కట్టేయకండి. బడికి నడిచి వెళ్ళడం, స్నేహితులతో తిరగడం, డాక్టరు సరేనన్నంత మేర తేలికపాటి ఆటలు కొనసాగాలి. ఏం చేయకూడదో మాత్రమే వింటూ పెరిగే పిల్లలు లోలోపల కుంగిపోతారు. ఏమేం చేయొచ్చో డాక్టరుతో రాయించుకుని వాడి చేతికే ఇవ్వండి.

చెల్లికి కూడా చూపించాలా?

చాలామందిలో ఇది ఒక్కరికే ఉంటుంది. ఒకే ఇంట్లో ఇద్దరికి కనిపించిన సందర్భాలు కూడా ఉన్నాయి. ధమనుల మొదళ్ళు చూస్తూ ఒకసారి ఎకో తీయించడం తేలికైన పని, డాక్టరును అడగండి. చెల్లికి ఆటలో నొప్పి, కళ్ళు తిరగడం ఉంటే అస్సలు ఆలస్యం చేయకండి.

బడిలో ఎవరికి చెప్పాలి? పడిపోతే ఏం చేయాలి?

క్లాసు టీచరుకు, పీఈటీ సారుకు, దగ్గరి స్నేహితులు ఇద్దరికి చెప్పండి. పడిపోయి, పిలిస్తే పలకకుండా, సరిగ్గా ఊపిరి తీసుకోకుండా ఉంటే నీళ్ళు చల్లుతూ, చేతిలో తాళాలు పెడుతూ సమయం పోగొట్టకూడదు. ఒకరు 108కి ఫోన్ చేయాలి. ఇంకొకరు ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, దాదాపు 5 సెంటీమీటర్ల లోతు దిగేలా గట్టిగా నొక్కుతూనే ఉండాలి, అంబులెన్సు వచ్చేదాకా చేతులు మార్చుకుంటూ. దగ్గర్లో ఏఈడీ (గుండెకు షాక్ ఇచ్చే యంత్రం) ఉంటే తెప్పించి స్విచ్ వేస్తే ఏం చేయాలో అదే చెప్తుంది. ఈ సీపీఆర్ నేర్చుకోవడానికి డాక్టరే కానక్కర్లేదు. ఇంట్లో ఇద్దరు, బడిలో ఇద్దరు నేర్చుకుని ఉండండి.